బెలారస్ కర్చ్మాలో చుక్కకూర

మా అక్క కూతురు మిన్స్క్‌లో మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతోంది. మొన్న మే నెలలో దాన్ని చూడటానికి అక్క తెనాలి నుంచి షార్జాలో మా ఇంటికి వచ్చింది. దుబాయ్ నుంచి మిన్స్క్‌కి నేరుగా విమానాలున్నాయి కాబట్టి నేను, మా ఆయన, పదేళ్ళ మా బాబు, అక్క కలిసి వెళ్ళాం. అక్కకి ఇదే మొదటి విదేశీ ప్రయాణం. షార్జా లెక్కలోకి రాదట, అక్కడ మన కూరగాయలన్నీ దొరుకుతాయి కాబట్టి.

అక్క సంగతి ముందే చెప్పాలి. పిల్లకి మెడికల్ సీటు వస్తే మాంసం మానేస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకుంది. సీటు ఇక్కడ రాలేదు, మిన్స్క్‌లో వచ్చింది. "మొక్కులో దేశం పేరు చెప్పలేదు కదే, మొక్కు మొక్కే" అని అప్పటి నుంచి గుడ్డు కూడా ముట్టలేదు. అందుకే మా సామానులో సగం బరువు చింతకాయ పచ్చడి, కందిపొడి, చిన్న కుక్కరు.

మన పిల్లలు చాలామంది బెలారస్‌లో మెడిసిన్ చదువుతున్నారు. చూడటానికి వెళ్ళే అమ్మానాన్నలు హోటల్ గదిలో అన్నం వండుకుని, నాలుగు చోట్లు తిరిగి, ఆ దేశపు తిండి జోలికి పోకుండా తిరిగొస్తారు. మేమూ అలాగే వచ్చేసేవాళ్ళం. కానీ మీర్ కోట చూసి మిన్స్క్‌కి తిరిగొస్తుంటే దారిలో వాన పట్టుకుంది, బాబుకి ఆకలి. రోడ్డు పక్కన దుంగలతో కట్టిన ఒక పెద్ద ఇల్లు, ముందు బండి చక్రం, గడ్డి కప్పు. "కర్చ్మా పిన్నీ, ఇక్కడ తిందాం" అంది పిల్ల.

కర్చ్మా అంటే పూర్వం బండ్ల దారుల్లో ఉండే పూటకూళ్ళ ఇల్లు. పూటకూళ్ళ ఇల్లు, సారా దుకాణం, రాత్రికి గుర్రాలు కట్టేసుకునే సత్రం మూడూ ఒకే కప్పు కింద ఉండేవి. సారా కాచి అమ్మే హక్కు ఆ ప్రాంతపు జమీందార్లది. వాళ్ళు కర్చ్మాలను కౌలుకి ఇచ్చేవారు, ఆ కౌలుదార్లు ఎక్కువగా యూదు కుటుంబాలు. ఇప్పుడు మనకు కనిపించేవి చాలావరకు ఆ పాత రూపాన్ని గుర్తు చేస్తూ కొత్తగా కట్టినవే. లోపల లావుపాటి చెక్క బల్లలు, గోడలకు తెల్లబట్ట మీద ఎర్రదారంతో కుట్టిన తువ్వాళ్ళు (వీటిని రుచ్నీక్ అంటారు), మట్టి కుండలు, మూలన పెద్ద పొయ్యి. పైకప్పు నుంచి ఎండుగడ్డి పుల్లలతో అల్లిన బుట్టలాంటి అలంకారాలు వేలాడుతుంటాయి. వాటి పేరు పవూక్, అంటే సాలీడు. బెలారస్ గడ్డి అల్లికను 2022లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్క వాటిని చూసి, "మన వరికంకుల కుచ్చుల్లా ఉన్నాయే, పిచ్చుకలే తక్కువ" అంది. ఆ మాటతో కాస్త స్థిమితపడి కూర్చుంది.

పిల్ల రష్యన్‌లో చకచకా మాట్లాడేస్తుంటే అక్క ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు వస ఎక్కువ పోశాం అని దాన్ని అందరం ఏడిపించేవాళ్ళం. "బెజ్ మ్యాసా" అని రెండుసార్లు చెప్పింది. మాంసం లేకుండా అని. ఎర్ర కుట్టుపని జాకెట్ వేసుకున్న అమ్మాయి తలూపి వెళ్ళి, ముందుగా ఒక చెక్క పలక తెచ్చి పెట్టింది. దాని మీద నల్లటి రొట్టె ముక్కలు, చిన్న మట్టి గిన్నెలో తెల్లగా, మెత్తగా, పైన పచ్చటి ఆకు తురుము చల్లిన ముద్ద. మేం అడగలేదు, అది వాళ్ళ మర్యాద.

అక్క ఒక రొట్టె ముక్క తీసుకుని ఆ ముద్ద దట్టంగా రాసుకుంది. నోటిదాకా వెళ్ళింది.

"అమ్మా, ఆగు! అది వెన్న కాదు."

"మరేమిటి?"

"సాలా. పంది కొవ్వు. వెల్లుల్లి, ఉప్పు వేసి మెత్తగా రుబ్బుతారు."

అక్క రొట్టె పళ్ళెంలో పెట్టేసి, చేతులు తుడుచుకుని, మెల్లగా అడిగింది. "నీకెలా తెలుసే?"

"మొదటి సంవత్సరం నేనూ వెన్న అనుకునే తిన్నాను."

"తర్వాత?"

"తర్వాత తెలిసే తిన్నానమ్మా." పిల్ల తల దించుకుంది.

రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో "ఏం తిన్నావే" అంటే "పప్పన్నం" అని మూడేళ్ళుగా వింటున్న మనిషి మా అక్క. ఆవిడ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంది. మా ఆయన సెల్ ఫోన్ తీశారు. నేను సైన్స్ పాఠం మొదలుపెట్టాను. ఇబ్బందిగా ఉన్నప్పుడు నాకదే అలవాటు, బీజడ్‌సీ డిగ్రీ అందుకైనా పనికొస్తోంది.

ఆ పాఠమే ఇక్కడ రాస్తున్నాను. ఆ దేశంలో శాకాహారికి, పంది మాంసం తిననివాళ్ళకి ప్రమాదం కంటికి కనిపించే మాంసంతో కాదు, కనిపించని కొవ్వుతో. పొడుగాటి చలికాలం, పొలంలో ఏమీ పండని ఆరు నెలలు. పేద రైతు ఇంటికి ఒక పందిని పెంచి, చలికాలం మొదట్లో కోసి, దాని వీపు కొవ్వుని ఉప్పులో ఊరేసి ఏడాదంతా దాచుకునేవాడు. కొవ్వులో నీరు తక్కువ, పైన ఉప్పు, ఇక బ్యాక్టీరియా బతకడం కష్టం. మన ఆవకాయలో నూనె, ఉప్పు చేసే పనే అది. అందుకని అక్కడ కొవ్వుకి రకరకాల అవతారాలున్నాయి. ఊరేసిన పలక కొవ్వు సాలా. కరిగించి వడకట్టి పేరబెట్టింది స్మాలెత్స్, చల్లటి గదిలో అచ్చం పేరిన నెయ్యిలా ఉంటుంది. వేయించిన చిన్న ముక్కలు ష్క్వార్కి, మనం పోపు పెట్టినట్టు వాళ్ళు దేని మీదైనా వీటిని చల్లేస్తారు. ఇవేవీ చాలామంది వాళ్ళ లెక్కలో "మాంసం" కాదు. మా పిల్ల "బెజ్ మ్యాసా" అన్నా ఆ పలక రావడంలో ఎవరి మోసమూ లేదు, ఆ మాటకి అర్థమే అంతవరకు.

కాబట్టి అడగాల్సిన మాటలు ఇంకొన్ని ఉన్నాయి. "బెజ్ సాలా" అంటే కొవ్వు లేకుండా. సూప్ అయితే "నా వదే?" అని అడగండి, నీళ్ళతో చేశారా అని. లేకపోతే కూరగాయల సూప్ కూడా ఎముకల రసంతో కాచి ఉంటుంది. "బెజ్ యైత్సా" అంటే గుడ్డు లేకుండా. స్వినీనా పంది మాంసం. గవ్యాదినా గొడ్డు మాంసం. ఇది గుర్తు పెట్టుకోవడం తేలిక, ఆ మాట మొదట్లో ఉన్నది మన "గో" శబ్దానికి దూరపు చుట్టమే. కూరిత్సా అని వింటే కూర అనుకుని సంబరపడకండి, అది కోడి.

ఇంకో మంచి మాట పోస్నయె. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. ఆ భోజనాన్ని అలా అంటారు. ఈస్టర్ ముందు వారాల్లో వెళితే చాలా చోట్ల ఉపవాసపు వంటలకి వేరే జాబితాయే ఉంటుంది. మన కార్తీకమాసంలో హోటళ్ళు ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం పెట్టినట్టు. అయితే అదే మాట మాంసం పేరు పక్కన కనిపిస్తే "కొవ్వు తక్కువ మాంసం" అని అర్థం. మాట ఒక్కటి పట్టుకుని ఆర్డరు ఇచ్చేయకండి.

పాఠం ఇక్కడిదాకా వచ్చేసరికి ఆ అమ్మాయి అక్క కోసం ఒక గిన్నె తెచ్చింది. పిల్ల లోపలికి వెళ్ళి వంటావిడతోనే మాట్లాడి చెప్పించింది, నీళ్ళతో చేసింది, గుడ్డు లేకుండా. పాచి పచ్చ రంగులో చల్లటి పులుసు, అందులో దోసకాయ ముక్కలు, సోయికూర, పైన ఒక గరిటె పుల్లటి మీగడ. పక్కన పొగలు కక్కే ఉడికించిన బంగాళాదుంపలు. అక్క ఎవరి ముఖమూ చూడకుండా ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఇంకో చెంచా. మూడో చెంచాకి నా వైపు తిరిగింది.

"ఇది చుక్కకూర కదే!"

నూటికి తొంభై పాళ్ళు కరెక్టు. ఆ ఆకు పేరు రష్యన్‌లో ష్చవేల్, బెలారూసియన్‌లో ష్చావ్యె. శాస్త్రీయ నామం రూమెక్స్ అసెటోసా. మన చుక్కకూర రూమెక్స్ వెసికేరియస్. ఒకే ప్రజాతి, అంటే పెదనాన్న, చిన్నాన్న పిల్లల్లాంటి వరస. చుక్కకూర ఆకు మందంగా, గుండ్రంగా ఉంటే ఇది సన్నగా, పొడుగ్గా, కింద బాణం ములుకులా ఉంటుంది. రెండింటి పులుపూ ఆక్సాలిక్ ఆమ్లం, దాని లవణాల వల్లే. ఉడికిస్తే చుక్కకూర పచ్చదనం పోయి నీరుకావి రంగుకి తిరుగుతుంది చూడండి. ఆ ఆమ్లానికి పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోవడం వల్ల అలా అవుతుంది. ఆ గిన్నెలోనూ అదే రంగు. అక్క నాలుక్కంటే ముందే కంటికి తెలిసి ఉండాలి.

వాళ్ళు దీన్ని పుల్లటి మీగడతో తినడంలో రుచితో పాటు ఇంకో మేలూ ఉంది. పాలలోని కాల్షియం ఆక్సాలిక్ ఆమ్లంతో కలిసి కరగని పదార్థం అవుతుంది, అందువల్ల ఒంటికి పట్టే ఆక్సలేటు తగ్గుతుంది. మనం చుక్కకూర పప్పు తిని చివర్లో పెరుగన్నం కలుపుకోవడం లాంటిదే. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు మాత్రం డాక్టరు మాటే వినాలి.

ఈ చల్లటి పులుసుల్ని ఖలద్నీక్ అంటారు. ఎక్కువగా దొరికేది బీట్‌రూట్‌తో చేసింది, పుల్లమజ్జిగ లాంటి కెఫీర్ పోసి. మా బాబు దాన్ని రోజ్‌మిల్క్ అనుకుని గ్లాసులో పోయమన్నాడు. ఆ గులాబి రంగు కాగితంపూలలో ఉండే రంగుల కుటుంబానికే చెందింది, పులుపులో నిలకడగా ఉంటుంది. ఇందులో ఉడికించిన గుడ్డు ముక్కలు మామూలుగా వేస్తారు, కాబట్టి ముందే చెప్పండి.

రెండో గిన్నె సగం అయ్యాక అక్క ఆ చెక్క పలకని కూతురి వైపు జరిపింది. "మొక్కు నాది, నీది కాదు. తినాలనుంటే తిను. కానీ ఫోన్లో పప్పన్నం అని చెప్పకు."

పిల్ల కళ్ళు తుడుచుకుంది. కానీ తినలేదు, కనీసం మా ముందు.

ఆ తర్వాత అక్కే మెనూ తీసుకుని బొమ్మల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. రొట్టె దగ్గర మేం చాలాసేపు ఆగాం. నల్లటి రొట్టె రై అనే ధాన్యపు పిండితో చేస్తారు. రై పిండికి గోధుమపిండిలా సాగే గుణం తక్కువ. పైగా అందులోని ఎంజైములు కాల్చేటప్పుడు పిండిపదార్థాన్ని విరగ్గొట్టి రొట్టెను లోపల బంకగా చేసేస్తాయి. పిండిని ముందే పులియబెడితే ఆ పులుపు ఆ ఎంజైములను అదుపులో పెడుతుంది. పులిసిన రొట్టె వాళ్ళకి రుచి కోసమే అనుకున్నాను గానీ, పులవకపోతే మంచి రై రొట్టె రావడమే కష్టం. పాతకాలపు పద్ధతిలో రొట్టెని పొయ్యిలో పెట్టేముందు కింద ఆకులు పరుస్తారు. ఒక్కోచోట క్యాబేజీ ఆకు, ఓక్ ఆకు, ఒక్కోచోట అయేర్ ఆకు. అయేర్ అంటే ఏమిటో పిల్ల ఫోన్లో చూపించింది. మన వస! చెరువు గట్ల బురదలో పెరిగే మొక్క. మనం దాని కొమ్ము అరగదీసి పిల్లల నాలికకి రాస్తాం, వాళ్ళు ఆకు రొట్టె కింద పరుస్తారు. వసపిట్టని పంపిన దేశం సరైనదే అని మా ఆయన ఆ రోజు మాట్లాడిన మొదటి మాట.

రొట్టె మిగిలితే క్వాస్ చేస్తారు. ఎండు రొట్టెని నీళ్ళలో నానబెట్టి పులియబెట్టిన గోధుమరంగు పానీయం. మా అమ్మమ్మ కుండలో తరవాణి పెట్టేది, గంజినీళ్ళు రోజూ పోస్తూ. సూత్రం దాదాపు అదే, పులుపు ఇచ్చే లాక్టిక్ బ్యాక్టీరియా రెండింట్లోనూ పనిచేస్తుంది. క్వాస్‌లో ఈస్టు కూడా గట్టిగా పనిచేస్తుంది కాబట్టి నురగ వస్తుంది, ఒక శాతం అటూ ఇటూగా ఆల్కహాలు ఉంటుంది. అక్కడ చిన్నపిల్లలు కూడా తాగుతారు. మీ ఇంటి పద్ధతిని బట్టి మీరు నిర్ణయించుకోండి. మేం బాబుకి ఇవ్వలేదు, బిర్చ్ చెట్టు నీరు ఇప్పించాం. చలికాలం వెళ్ళి చెట్టు చిగురు వేసేముందు కాండానికి చిన్న రంధ్రం పెట్టి పట్టే నీరు అది. నీరా లాంటిదే కదా అని ఆశపడ్డాను. తీపి చాలా తక్కువ, చక్కెర సుమారు ఒక శాతమే ఉంటుంది. మన తాటి నీరా ముందు అది ఉత్త మంచినీళ్ళు.

బంగాళాదుంప గురించి చెప్పకుండా బెలారస్ గురించి రాయడం కుదరదు. వాళ్ళ భాషలో బుల్బా. ఇంతగా వాళ్ళదైపోయిన ఈ దుంప అక్కడికి వచ్చింది 18వ శతాబ్దంలోనే. మనకు మిరపకాయ ఎలాగో అలాగ. దాంతో చేసే ద్రానికీ అనే అట్లు ప్రతి కర్చ్మాలోనూ ఉంటాయి. యూదుల లాట్కేలకీ వీటికీ పోలిక చాలా ఉంది, ఒకే పొయ్యి దారుల్లో పెరిగినవాళ్ళు కదా. పచ్చి దుంపని సన్నగా తురిమి, ఉల్లిపాయ తురిమి, ఉప్పు వేసి, పెనం మీద నూనెలో వేయిస్తారు. అసలైన పద్ధతిలో పిండి కలపరు. తురుముని పిండిన నీళ్ళు కాసేపు ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. దాన్ని మళ్ళీ తురుములో కలిపితే చాలు, వేడికి అది ఉబ్బి అట్టుని పట్టి ఉంచుతుంది. ఉల్లిపాయ వల్ల తురుము త్వరగా నల్లబడదు కూడా. షార్జా వచ్చాక నేను చేశాను, మొదటి వాయి విరిగిపోయింది, నీళ్ళు పారబోసినందుకు. రెండోసారి బాగా వచ్చాయి. అక్కడ తినేటప్పుడు రెండు విషయాలు అడగాలి, గుడ్డు వేశారా, దేనిలో వేయించారు. మా వంటావిడ గుడ్డు వేయలేదు, పొద్దుతిరుగుడు నూనెలో వేయించింది. పైన ష్క్వార్కి వద్దని, పుల్లటి మీగడ చాలని చెప్పాం.

మా ఆయన, బాబు మాంసాహారులే గానీ పంది, గొడ్డు తినరు. వాళ్ళకి మెనూలో సగం పేజీలు దాటేయాల్సి వచ్చింది. మచాంక అని ఒకటుంది, పంది పక్కటెముకలు, సాసేజీలు వేసిన చిక్కటి గ్రేవీ. ముంచడం అనే మాట నుంచి వచ్చిన పేరు, అట్లు అందులో ముంచుకు తింటారు. క్లోత్స్కి జ్ దుషామీ అని ఇంకోటి. దుంప ఉండల లోపల మాంసం పెడతారు, ఆ మాంసాన్ని "దుషా" అంటారు, అంటే ఆత్మ. ఆత్మలున్న ఉండలు! అక్క వెంటనే, "ఆత్మ తీసేసినవి ఉన్నాయేమో అడుగు" అంది. అప్పుడు అందరం నవ్వాం. పిల్ల కూడా. ఖలద్యేత్స్ అనే దాంతో పిల్లలున్నవాళ్ళు జాగ్రత్త. గాజులా మెరుస్తూ జెల్లీ స్వీట్‌లా కనిపిస్తుంది. నిజానికి కాళ్ళ పులుసు చల్లారి గడ్డకట్టినట్టు, ఎముకల రసం పేరబెట్టింది. తీపి కావాలంటే కిసేల్ అడగండి. పళ్ళరసానికి బంగాళాదుంప పిండి కలిపి కాచింది, అందులో జెలటిన్ ఉండదు.

కోడి కూర, పుట్టగొడుగులు కుండలో పెట్టి పొయ్యిలో వండి తెచ్చారు, వీళ్ళిద్దరికీ అది సరిపోయింది. పుట్టగొడుగుల గురించి అక్క అడిగిన ప్రశ్న చాలామంది తల్లిదండ్రులకి ఉంటుంది. "ఆ చెర్నోబిల్ ఈ పక్కనే కదా?" నిజమే. 1986 ఏప్రిల్ 26న ప్రమాదం జరిగింది ఉక్రెయిన్‌లోనైనా గాలివాటుకి ఆ ధూళిలో పెద్ద భాగం బెలారస్ మీదే పడింది, ముఖ్యంగా గోమెల్, మొగిల్యోవ్ ప్రాంతాల మీద. మిన్స్క్ చుట్టుపక్కల చాలా తక్కువ. సీజియం-137 సగానికి తగ్గడానికి సుమారు 30 ఏళ్ళు పడుతుంది, అంటే అప్పటిది ఇప్పటికీ సగానికి కొంచెం తక్కువగా ఉంది. సీజియం రసాయనికంగా పొటాషియంలా ప్రవర్తిస్తుంది కాబట్టి మొక్కలు, పుట్టగొడుగులు దాన్ని పీల్చుకుంటాయి. అడవిలో నేల పైపొరలో పెరిగే పుట్టగొడుగులు, అడవి పళ్ళు, అడవి జంతువుల మాంసంలో ఎక్కువ చేరుతుంది, దున్ని ఎరువు వేసిన పొలం పంటలో తక్కువ. మార్కెట్లలో అమ్మేవాటికి పరీక్షలున్నాయి. రోడ్డు పక్కన బకెట్లలో పెట్టి అమ్మే అడవి పుట్టగొడుగులు మాత్రం కొనవద్దని పిల్లలకి చెప్పండి, అంత జాగ్రత్త చాలు.

చివర్లో పిల్ల అక్క కోసం ఇంకొకటి తెప్పించింది, ఏమిటో చెప్పలేదు. మట్టి కుండలో పాలు. తెల్లగా లేవు, లేత ఎరుపు. పైన మందంగా, గోధుమరంగు మీగడ. అక్క వాసన చూసి కుండ కింద పెట్టేసింది. "దాలి పాలు."

మా అమ్మమ్మ వాళ్ళింట్లో పెరట్లో దాలి ఉండేది. పిడకల నిప్పు మీద పాలకుండ పొద్దున పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి ఉండేవి. బెలారస్ పొయ్యి కూడా అలాంటిదే. పొద్దున కట్టెలు కాల్చి ఆర్పేస్తారు, ఇటుకలు వేడిని పట్టి ఉంచి గంటల తరబడి మెల్లగా వదులుతాయి. పొంగు రాకుండా, మరుగు కిందే పాలు కాగుతూ, పాల చక్కెర, మాంసకృత్తులు కలిసి ఆ ఎరుపు రంగు, ఆ వాసన వస్తాయి. పొయ్యి మీద గ్యాసుతో అరగంటలో అది రాదు. ఆ పాలని తోడుపెడితే ర్యాజెంక. మామూలు దుకాణాల్లో కూడా సీసాల్లో దొరుకుతుంది, అన్నంలో కలుపుకుంటే ఎర్రపాల పెరుగన్నమే. హాస్టల్లో ఉన్న పిల్లలకి ఇది చెప్పండి.

దేశం వదిలి పెట్టేముందు రోజు అక్క మిన్స్క్ మార్కెట్లో ష్చవేల్ విత్తనాల పొట్లం కొంటానని పట్టుబట్టింది. విత్తనాలు ధ్రువపత్రం లేకుండా దేశంలోకి తేకూడదు, పైగా అది చల్లటి నేల మొక్క, తెనాలి ఎండకి నిలవదు అని నేను ఆపాను. అప్పుడు ఆకు కట్టలు కొని హాస్టల్ వంటగదిలో పప్పు చేయించింది. ఎర్రపప్పు అక్కడ చెచెవీత్సా అనే పేరుతో ప్రతి దుకాణంలో ఉంటుంది, కుక్కరు లేకపోయినా ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది. పప్పు ఉడికాకే ఆకు వేయాలి, ముందే వేస్తే పులుపుకి పప్పు మెదగదు. పోపు మనదే, తెనాలి నుంచి వచ్చిన ఎండుమిరపకాయలతో.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో సంభాషణ మారింది. ఒకరోజు పప్పు అంటుంది, ఒకరోజు ద్రానికీ, ఒకరోజు "చెప్పమంటావా" అంటుంది. అక్క "వద్దులే" అంటుంది, లేదా చెప్పమంటుంది. చలికాలంలో తాజా ఆకు దొరకదు, ఉప్పు వేసి సీసాల్లో నిల్వ చేసింది అమ్ముతారు. అది వాడేటప్పుడు పప్పులో వేరే ఉప్పు వేయకండి. మా పిల్ల మొదటిసారి రెండూ వేసింది, ఆ కుండెడు పప్పు హాస్టల్ మొత్తానికి పంచినా ఎవరూ తినలేకపోయారట.